శనివారం కప్ప ఆట

మొన్న మనవరాలి కోసం బడికి వెళితే, ఒకటో తరగతి పిల్లలు చేతుల్లో ట్యాబులు పట్టుకుని కూడికలు ఆడుతున్నారు. "చూడండి మేడమ్, ఈ కాలపు చదువులు" అంది వాళ్ల టీచరు ముచ్చటగా. తల ఊపాను. ఎనభైల నడుమ వరంగల్ కొత్తవాడలో మా బడికి వచ్చిన కంప్యూటర్ సంగతి ఆమెకు చెప్పబుద్ధి కాలేదు.

అప్పుడు నేను రెండో తరగతి టీచర్ని. ఉద్యోగం కొత్త. పై తరగతుల కోసమని సర్కారు ఒక కంప్యూటర్ పంపింది. హెడ్మాస్టరు దానికి కొబ్బరికాయ కొట్టించి, బొట్టు పెట్టించి, చెప్పులు బయటే విడవాలని రూలు పెట్టారు. పెద్ద పిల్లలు వరసగా వచ్చి, దూరం నుంచి చూసి, దర్శనమైనట్టు వెళ్లిపోయేవారు. దాని ట్రైనింగుకు వెళ్లొచ్చిన సైన్స్ సారుకు మాత్రం అది నచ్చలేదు. యాభై దాటిన మనిషి, ఉర్దూ కలిసిన మెత్తటి మాట. మిషనుతో పాటు వచ్చిన ఆటల ఫ్లాపీ ఒకటి ఆయన కంటబడింది. "చిన్నపిల్లలకు పెట్టి చూద్దామమ్మా. శనివారం పగటీలి, అన్నం బెల్లయినంక జర తోల్కరా" అన్నారు నాతో.

తెర మీద ఒక కప్ప, చెరువులో ఆకులు. కూడిక సరిగ్గా చేస్తే కప్ప ఆకు మీదికి దూకుతుంది, తప్పితే నీళ్లలో పడి మళ్లీ గట్టెక్కుతుంది. మా తరగతిలో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల ఒకతి ఉండేది. లెక్క అడిగితే గొంతు పెగిలేది కాదు, పలక మీద రాసింది నేను చూసేలోపే అరచేత్తో తుడిచేసేది. ఆ పిల్ల కప్పను ఎన్నిసార్లు ముంచిందో! చివరికి అవతలి గట్టుకు చేర్చి నావైపు తిరిగింది. "టీచర్, మునిగినా మళ్ల లేస్తాంది. ఎవ్వలు కొడ్తలేరు" అంది. అది నాతో మాట్లాడిన మొదటి మాట. నా చేతిలో బెత్తం ఉంది.

అయిదో శనివారం పిల్లల నవ్వులు విని హెడ్మాస్టరు వచ్చారు. "గీ కప్పలాటకేనా సర్కారు మిషనిచ్చింది?"

"నేనే పెట్టిన సార్. పోరగాండ్లకు లెక్కలొస్తున్నయి" అన్నారు సైన్స్ సారు.

హెడ్మాస్టరు నావైపు చూశారు. "నువ్వు చెప్పమ్మా, వస్తున్నయా?"

ఎక్కడికో బదిలీ చేస్తారేమోనన్న భయం నన్ను పట్టుకుంది. "నాకు ఎరుకలేదు సార్" అన్నాను. ఆ సాయంత్రమే కంప్యూటర్ గదికి తాళం పడింది.

రెండు శనివారాలు ఆ పిల్ల తాళం ముందు నిలబడి వెళ్లింది. తర్వాత బడికే రాలేదు. సైన్స్ సారూ నేనూ వాళ్లింటికి వెళ్లాం. పిల్ల తన తల్లి పక్కన మగ్గం మీద కూర్చుని పోగులు సర్దుతోంది. "ఎంత చెప్పినా పోతలేదు సారూ. కప్ప ఆట పెడ్తనే పోత అంటాంది. మళ్ల పెడ్తరా?" అని తల్లి అడిగింది. పిల్ల చెయ్యి ఆగింది.

"అడుగుతనమ్మా" అన్నారాయన. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. తాళం తీసేనాటికి వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. పిల్ల మళ్లీ రాలేదు. నేనూ ఆ వీధికి మళ్లీ వెళ్లలేదు.

ఎరుకలేదన్న ఆ ఒక్క మాటతో కాపాడుకున్న ఉద్యోగంలో నాకు ముప్పై ఏళ్లు దొరికాయి. ఆ పిల్లకు చదువులో దొరికిన కాలమంతా అయిదు శనివారాలు.