చెయ్యెత్తితే ఆగే పాట

పరుపులు కుట్టుకునే మనిషికి రాక్ సంగీతంతో ఏం పని అని ఆయన తోడల్లుడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటాడు. పని ఉంది మరి. ఖాళీ హాల్లో గిటారు మోగిస్తే గోడలు ఎదురు మోగుతాయి. జనం నిండాక ఆ గోల తగ్గుతుంది. జనం రాకముందే సౌండ్ సరిచూసుకోవాలంటే, జనానికి బదులుగా మెత్తటిదేదైనా కావాలి. ఆయన బావమరిది ఒక బ్యాండుకి సౌండ్ చూస్తాడు. ఓ రోజు బావ కొట్లోంచి పరుపులు తెప్పించి హాలు గోడలకి ఆనించాడు. అయినా గోల గోలగానే ఉంది. పరుపులు మోసుకొచ్చిన బావ హాలు మధ్యకి వచ్చి నిలబడి, ఆయాసం తీర్చుకున్నాడు. అంతే, సౌండ్ కుదిరిపోయింది.

"బావా, కదలకు!" అని అరిచాడు బావమరిది.

మనిషి వాటం అలాంటిది. బానపొట్ట, దిండ్లలాంటి భుజాలు, మండుటెండలో కూడా విప్పని ఉన్ని స్వెట్టరు. ఆ రోజు నుంచి ఆయనకి రెండో ఉద్యోగం వచ్చింది. షో రోజు మధ్యాహ్నం ఖాళీ హాలు నడుమ నిలబడాలి. బ్యాండు పాట మొదలుపెడుతుంది. సౌండ్ కుదిరిందనిపించగానే కుడిచెయ్యి ఎత్తాలి. చెయ్యి లేస్తే పాట ఆగిపోతుంది, ఇంకో పాట మొదలవుతుంది. బావమరిది "దించు బావా" అనేదాకా చెయ్యి దించకూడదు. బ్యాండులో అందరూ ఆయన్ని చెయ్యి బాబాయి అంటారు. డ్రమ్ములు కొట్టే అబ్బాయి ఉత్త పిరికివాడు. తన చెవుల్ని తాను నమ్మడు, ఆ చెయ్యినే నమ్ముతాడు.

ఇందులో ఒకే ఒక్క చిక్కు. చెయ్యి బాబాయి ఏ పాటా చివరిదాకా విన్న పాపాన పోలేదు. చాలా పాటలకి దాని వల్ల వచ్చిన నష్టమేమీ లేదు, మొదట్లో అరిచిందే చివర్లోనూ అరుస్తారు. కానీ గొడుగు పాట అలా కాదు. వాన పడుతుంటుంది. చిన్నపిల్ల గొడుగు పట్టుకుని తండ్రికి ఎదురెళ్తుంది. వీధి చివర దీపం కింద ఎవరో నిలబడి ఉంటారు. సరిగ్గా అక్కడే డ్రమ్ములు అందుకుంటాయి, సౌండ్ అద్భుతంగా కుదురుతుంది, చెయ్యి లేస్తుంది, పాట ఆగుతుంది.

ఆయన ఊరుకోక ఈ కథ ఇంట్లో చెప్పాడు. అప్పట్నుంచి భార్యకి మనసు మనసులో లేదు.

"ఏమండీ, ఇవాళైనా తండ్రి కనపడ్డాడా?"

"లేదే. దీపం దగ్గరే ఆగిపోయింది."

"వాళ్ళనే అడగొచ్చుగా!"

"ఇన్నాళ్ళు విని చివర తెలీదంటే నా చెవులకేం మర్యాద ఉంటుంది?"

ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుంది. "పాట చివర్లో నేను ఫ్యూజులు చూసుకుంటుంటానక్కా, నాకేం తెలుసు" అన్నాడు ఆ మహానుభావుడు. పోనీ రికార్డు విందామంటే, ఎదురుగా వచ్చి వినాల్సిందేనని బ్యాండు పంతం పట్టి రికార్డే చెయ్యలేదు. దాంతో చెయ్యి బాబాయి అసలు షోకే వెళ్ళాలనుకున్నాడు.

మొదటిది టైర్ల కొట్టు కింద ఉన్న గది. ఇరుకంటే ఇరుకు. గాయని నోట్లోంచి పాటతో పాటు తుంపర్లు కూడా వచ్చి పడతాయి. డ్రమ్ము కొడితే బాబాయి పొట్ట అదిరింది. ఇంతకంటే స్వర్గం లేదనుకున్నాడు. పిల్ల గొడుగు తీసింది, దీపం వచ్చింది, డ్రమ్ములు అందుకున్నాయి, కుడిచెయ్యి దానంతటదే లేచింది. మూరెడు దూరంలో ఉన్న డ్రమ్ముల అబ్బాయి ఠక్కున ఆపేశాడు. కరెంటు పోయిందనుకుని జనం గోల చేశారు.

రెండోది పాత సినిమా హాలు. ఈసారి భార్య కూడా వచ్చింది. చివరి వరసలో కూర్చుని, భర్త కుడిచెయ్యిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా అదిమిపట్టింది. దీపం వచ్చింది. ఎడమచెయ్యి లేచింది. తలుపు మీది ఎర్రబల్బు వెలుగులో అది స్టేజీ దాకా కనపడింది. పాట ఆగింది.

"ఎడంచేతికి కూడా ఎప్పుడు నేర్పారండీ ఈ విద్య?" అని ఆవిడ అక్కడే దులిపేసింది.

"బావా, నీకు దండం పెడతా, మధ్యాహ్నాలు తప్ప రాకు" అన్నాడు బావమరిది. తరవాత అసలు సంగతి బయటపెట్టాడు. గాయని అత్తగారితో కలిసి బేకరీ తెరుస్తోందట. మైదానంలో ఒక్క షో చేసి బ్యాండు ఎత్తేస్తారట. అంటే ఈసారి వినకపోతే ఆ పిల్ల ఆ వానలో అలా నిలబడిపోవాల్సిందే. చెయ్యి బాబాయికి అన్నం సయించలేదు.

షో రోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాలిద్దరూ మైదానానికి వెళ్ళారు. ఇసకేస్తే రాలనంత జనం. "తప్పిపోతే చెయ్యెత్తండి, చూసుకుని వచ్చేస్తా" అని చెప్పి ఆవిడ మంచినీళ్ళ కోసం వెళ్ళింది. ఆవిడ వెనక జనం మూసుకుపోయారు. అంతలోనే గొడుగు పాట మొదలైంది.

మైదానంలో సౌండ్ ఘోరం. స్టేజీ పక్కన కట్టిన పెద్ద తెర మీద గాయని నోరు ముందు తెరుచుకుంటుంది, మాట తీరిగ్గా వస్తుంది, సగం గాలికి పోతుంది. గదిలో పాట ఒంటికి తగిలింది, హాల్లో చెవికి తగిలింది, ఇక్కడ పక్కవాడి మోచెయ్యి తగులుతోంది. బాబాయి మాత్రం లోలోపల మురిసిపోయాడు. ఇంత చెత్త సౌండ్‌కి తన చెయ్యి లేస్తే ఒట్టు!

అప్పుడు చుట్టుపక్కల వాళ్ళు చేతులెత్తారు. ఒకరూ ఇద్దరూ కాదు, మైదానం మైదానమంతా. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

"దించండి బాబూ! ఆపేస్తారు! మీకు పుణ్యముంటుంది, దించండి!" అంటూ దొరికినవాడి చెయ్యల్లా కిందికి లాగాడు. ఒకాయన తిట్టాడు. ఇంకో ఆయన కావలించుకుని ఊగడం మొదలుపెట్టాడు. ఈలోగా దీపం వచ్చేసింది. ఖర్మ కాలి గాలి కూడా పడిపోయింది. డ్రమ్ములు అందుకున్నాయి, సౌండ్ కుదిరింది, ఆయన చెయ్యి లేచింది. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

పాట ఆగలేదు.

అన్ని చేతుల్లో ఆయన చెయ్యి ఎవడికి కావాలి? డ్రమ్ముల అబ్బాయికి అది కనపడనే లేదు. నిజం చెప్పాలంటే బాబాయికి ముందు కాస్త చిన్నతనంగా అనిపించింది. తరవాత పాట వినపడింది. దీపం కింద ఉన్నది తండ్రి కాదు, ఎవరో దారినపోయే మనిషి. "మీ నాన్న నిన్ను వెతుక్కుంటూ ఇటే వెళ్ళాడమ్మా" అన్నాడు. పిల్ల పరిగెత్తింది. మలుపులో ఇద్దరూ ఎదురుపడ్డారు. గొడుగు సంగతే మరిచిపోయి, తడుస్తూనే ఇంటికెళ్ళారు. అంతే పాట. చెయ్యి బాబాయి భోరుమని ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక భార్య గుర్తొచ్చింది. అదే ఆఖరి పాట కావడంతో జనం చేతులు దించి గేట్ల వైపు కదిలారు. ఆయన చెయ్యి మాత్రం దిగలేదు. దించమని ఎవరూ చెప్పలేదుగా. పలచబడ్డ మైదానంలో ఆ ఒక్క చెయ్యే మిగిలింది. దాన్ని చూసుకుని ఆవిడ నీళ్ళసీసాతో రొప్పుతూ వచ్చింది.

"ఎన్ని చేతులండీ బాబూ! ఒక్కటీ మీది కాదు. ప్రాణం పోయిందనుకోండి."

"పాట విన్నావా?"

"ఏం పాట? మిమ్మల్ని వెతుక్కోవడంతోనే సరిపోయింది. ఇంతకీ తండ్రి కనపడ్డాడా?"

తను వినేశాడు, ఆవిడ వినలేదు, ఇక వినిపించడానికి బ్యాండు లేదు. జన్మలో కూనిరాగం కూడా తియ్యని మనిషి గొంతు సవరించుకుని, వాన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఆవిడ ముందు ఆయన కుడిచెయ్యి కిందికి లాగి పట్టుకుంది. సినిమా హాలు గుర్తొచ్చి, సీసా చంకలో పెట్టుకుని ఎడమచెయ్యి కూడా పట్టుకుంది. ఎంత అధ్వాన్నంగా పాడాడో చెప్పను. దీపం వచ్చింది, దారినపోయే మనిషి వచ్చాడు, మలుపు వచ్చింది. చేతులు రెండూ ఆవిడ దగ్గరే ఉన్నాయి కాబట్టి పాట ఎక్కడా ఆగలేదు.