తేట అన్న మాటకు ఒక చీటీ

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తయారయ్యే ఆ కార్యాలయంలో ఆయనను అందరూ చీటీల మాస్టారు అనేవారు. పదానికి అర్థం, పుట్టుక, ఉదాహరణ సమకూర్చడం ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఆయన పని. కల్పించిన ఉదాహరణ ఆయనకు గిట్టదు. ఎవరి నోటనైనా విన్న వాక్యమే కావాలి. అదీ విన్న నిమిషంలోపే తేదీ, సమయం వేసి చీటీకి ఎక్కించాలి. ఆలస్యమైతే జ్ఞాపకం ఆ వాక్యానికి తల దువ్వి బొట్టు పెడుతుందని ఆయన వాదన.

ఆ ఏడాది ‘క్లియర్’ దగ్గర పని ఆగింది. అర్థంగా ‘తేటైన’ అని రాశారు గానీ, తేట అన్న మాటను వాడేవారే దొరకలేదు.

“రోడ్డు క్లియర్, గొంతు క్లియర్, మీ అనుమానం కూడా క్లియర్. ఇంకా తేట ఎవరంటారు మాస్టారూ?” అని టైపిస్టు నవ్వేవాడు.

ఇంట్లో పరిస్థితి వేరు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చి భార్య మాట కలగాపులగమైంది. మంచినీళ్ళు కావాలంటే దువ్వెన అడిగేది. భర్తను చూసి, ఎంత పెనుగులాడినా పిలుపు అందక, కళ్ళు మూసుకునేది. “ఎప్పుడైనా కాసేపు మాట సరిగ్గా రావచ్చు. వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడించండి,” అన్నాడు డాక్టరు. ఆ కాసేపటి కోసం మాస్టారు మధ్యాహ్నాలు సెలవు పెట్టి, మంచం పక్కనే బల్ల వేసుకుని పని చేసుకునేవారు. మరదలు వచ్చి అక్కకు అన్నం తినిపించేది.

“ఇవాళేం తవ్వుతున్నారు బావా?”

“క్లియర్. లాటిన్‌లో దీని మూలపదాన్ని మొదట శబ్దానికి వాడారు. పిలవడమనే ధాతువుకు చుట్టం. వెలుతురు, అర్థం తర్వాత వచ్చి చేరాయి.”

“అంటే చూపుకు కాదా, పిలుపుకా?”

“దూరాన ఉన్నవాడికి కూడా అందే గొంతుకు.”

“దూరం వాళ్ళ సంగతి సరే, పక్కగదిలోంచి అక్క పిలిస్తే మీకు ఎన్నడు అందింది గనక?”

మాస్టారు నవ్వారు. అక్కకు పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం మరదలు చూసింది ఆ ఒక్కసారే.

తర్వాతి గురువారం వాన వెలిసింది. సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలకు భార్య కిటికీ వైపు తల తిప్పి, ఒకప్పటి గొంతుతోనే అంది:

“ఆకాశం ఎంత తేటగా ఉందో చూడండి.”

మాస్టారు చెయ్యి చీటీ మీదికి వెళ్ళింది. తేదీ వేశారు. సమయం వేశారు.

“ఏమండీ, ఇలా చూడండి. మీతో ఒక మాట…”

“ఒక్క నిమిషం,” అన్నారు ఆయన, తల ఎత్తకుండా.

రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆయన తల ఎత్తేసరికి ఆమె పెదవులు కదులుతున్నాయి. “దువ్వెన,” అంది. మళ్ళీ “దువ్వెన” అంది. ఆయన కలం పారేసి ఆమె చెయ్యి పట్టుకున్నారు. “చెప్పు, వింటున్నాను. చెప్పు,” అని చీకటిపడేదాకా బతిమాలారు. ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

ఇరవై మూడో రోజున ఆమె పోయింది. ఈ మధ్యలో మాట మళ్ళీ కుదురుకోలేదు.

ఆ వాక్యం నిఘంటువులో అచ్చయింది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఆ పుటలో లేదని సంపాదకుడు మెచ్చుకుంటే, మాస్టారు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. మరుసటి నెలలోనే ఉద్యోగం మానేశారు.

మరదలు అప్పుడప్పుడు క్యారియర్ తెచ్చి, ఆయన తినేదాకా కూర్చునేది. ఒకరోజు, ఆయన చెప్పగా విన్న ఆ సగంలో ఆగిన మాట ప్రసక్తి తానే ఎత్తింది.

“ఏముంటుంది బావా, కాఫీ అడగబోయిందేమో.”

“అయ్యుండొచ్చు.”

“నన్ను రోజూ రావద్దని చెప్పమనబోయిందేమో. నా కాళ్ళనొప్పులంటే దానికి బెంగ.”

“అయ్యుండొచ్చు.”

“మిమ్మల్ని తిట్టబోయిందని మాత్రం అనుకోకండి. మా అక్క సంగతి నాకు తెలీదా?”

మాస్టారు కంచం పక్కకు జరిపారు.

“నేను వినలేదమ్మా,” అన్నారు.