అబ్బులుకి భయం నేర్పాను

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో మనిషికి తన గురించి తనకు చాలా మంచి అభిప్రాయం ఉంటుంది. నాకైతే మరీను. నోరులేని జీవాలకు నా మనసు ఇట్టే తెలిసిపోతుందనీ, నన్ను చూడగానే వాటికి ఒక విధమైన భరోసా కలుగుతుందనీ గట్టిగా నమ్మేవాణ్ణి. (నరసాపురం దగ్గర మా ఊళ్ళో మా ఇంటి గేదె నన్ను రెండుసార్లు కుమ్మింది. దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.) ఈ నమ్మకంతోనే ఖతార్ వెళ్ళి, దోహాకి గంటన్నర దూరంలో, సున్నపురాతి గుట్టల మధ్య ఉన్న ఒక జింకల సంరక్షణ కేంద్రంలో స్టోర్ కీపర్ డ్యూటీలో చేరాను.

జింకలంటే చుక్కల జింకలు కావు. వీటిని ఒరిక్స్ అంటారు. అరబ్బులు మహా అంటారు. ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు తెలుపు, కాళ్ళకు మాత్రం మేజోళ్ళు తొడిగినట్టు నలుపు, నెత్తిన బారెడు పొడవున రెండు తిన్నని కొమ్ములు. ఒకప్పుడు ఆ ఎడారంతా వాటిదేనట. వేటగాళ్ళ ధాటికి బయట ఒక్కటీ మిగలకుండా పోతే, ఎక్కడెక్కడో దొడ్లలో మిగిలిన కొన్నిటిని తెచ్చి, పిల్లలు పెట్టించి, మళ్ళీ వాటి నేల మీద వాటిని వదలడం మా కేంద్రం పని. నా పని మాత్రం గడ్డి మోపులు దింపించుకోవడం, నీళ్ళ తొట్లు నిండాయో లేదో చూడడం. ఊళ్ళో వాళ్ళకి వన్యప్రాణి అధికారినని చెప్పాను.

మా పై అధికారి సూడాన్ నుంచి వచ్చిన పశువుల డాక్టరుగారు. ఆరడుగుల పైన మనిషి, మాట చాలా తక్కువ. చేరిన రోజునే నన్ను కూర్చోబెట్టి, సగం హిందీలో సగం అరబ్బీలో మూడు నియమాలు చెప్పాడు. వాటితో మాట్లాడకూడదు, చేత్తో ఏమీ పెట్టకూడదు, పేర్లు పెట్టకూడదు. చెవికున్న నంబరే వాటి పేరు. గడ్డి వేసి వెనక్కి చూడకుండా రావాలి. నేను బుద్ధిగా తలూపాను. అక్కడున్న మరో తెలుగు మనిషి నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. నేను కడప మామ అనేవాణ్ణి. పన్నెండేళ్ళు దోహాలో, మదీనత్ ఖలీఫా పేటలో ఒక విల్లాకి హౌస్ డ్రైవరుగా చేసి, ఆ ఇంటి పిల్లల్ని స్కూలుకి దింపీ దింపీ, ఇక మాట్లాడని ప్రాణుల దగ్గర పనిచేద్దామని ఇక్కడికి వచ్చానని చెప్పేవాడు.

ఆరు నెలలు నియమాలు పాటించాను. ఆ తర్వాత ఒక బక్క ఒరిక్స్ పిల్ల నా కంటబడింది. మిగతావన్నీ దాన్ని తొట్టి దగ్గరికి రానివ్వకుండా కొమ్ములతో తోసేసేవి. క్యాంపు మెస్సులో చికెన్ వడ్డించే రోజున సరిగ్గా నా పరిస్థితీ అదే. అందుకని జాలి ముంచుకొచ్చింది. ఒక పొద్దున్న ట్యాంకరు చాటున నా టిఫిన్ ఖుబ్బూస్ (అక్కడి గుండ్రటి రొట్టె) లో ఒక ముక్క తుంపి పెట్టాను. తింది. మర్నాడు ప్లాస్టిక్ కవరు గరగరమనేసరికి తనే వచ్చి నిలబడింది. వారం తిరక్కుండా అబ్బులు అని పేరు కూడా పెట్టేశాను. మా వైపు ముద్దుగా పిలవాలంటే అంతకన్నా మంచి పేరు లేదు. కవరు చప్పుడు వినబడితే చాలు, దొడ్డి ఏ మూల ఉన్నా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి జేబులో మూతి పెట్టేవాడు. నా జన్మ ధన్యమైందనుకున్నాను.

కడప మామ కొన్నాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుని, ఒకరోజు ట్యాంకరు పైపు చుడుతూ అడిగాడు.

"రేపు దీన్ని బయట ఇడుస్తారు గదా అబ్బీ. ఆడ ఖుబ్బూస్ ఎవురు పెడతారు?"

పాపం ఈయనకు మనసు లేదనుకున్నాను.

ఏడాదిన్నర గడిచింది. అబ్బులుకి కొమ్ములు నా చేయంత పొడుగు పెరిగాయి. చలికాలంలో ఒక ఉదయం పది ఒరిక్సుల్ని వదలడానికి ముహూర్తం పెట్టారు. అందులో అబ్బులు ఉన్నాడు. పెద్ద పెద్ద అతిథులు వచ్చారు. గుడారం వేశారు, తివాచీలు పరిచారు, కెమెరాలు నిలబెట్టారు. నేను ఇస్త్రీ యూనిఫాం వేసుకుని గుడారం పక్కన నిలబడ్డాను. గేటు తీశారు. పదీ ఒక్క క్షణం తటపటాయించి, దుమ్ము రేపుకుంటూ గుట్టల వైపు దూసుకుపోయాయి. చూస్తున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే ముందు వరుసలో ఒక పెద్దమనిషి, పాపం ఆకలేసిందో ఏమో, బిస్కెట్ ప్యాకెట్ విప్పాడు.

అంత దూరం ఆ చప్పుడు ఎలా వినబడిందో ఇప్పటికీ నాకు తెలియదు. తొమ్మిది వెళ్ళిపోయాయి. ఒకటి ఆగింది, చెవులు తిప్పింది, వెనక్కి తిరిగింది. మొదట అందరూ ముచ్చటపడి ఫొటోలు తీశారు. అది నేరుగా గుడారం వైపే వస్తోందనీ, దాని నెత్తిన ఉన్నవి బల్లేల్లాంటి కొమ్ములనీ అర్థమయ్యాక కుర్చీలు బోర్లాపడ్డాయి. బిస్కెట్ల పెద్దమనిషి తన వయసుకు తగని వేగంతో కెమెరా నిచ్చెన ఎక్కాడు. అబ్బులు తివాచీ మీద ఠీవిగా నడిచొచ్చి, అంతమందిలో నన్ను పట్టి, నా ఇస్త్రీ జేబులో మూతి పెట్టాడు. అక్కడున్న అన్ని కళ్ళూ నా మీదే. డాక్టరుగారు నా మొహం చూశాడు, జేబు చూశాడు, తన గది వైపు నడిచాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం పిలిపించాడు. టికెట్ చేతిలో పెడతాడనుకుని సూట్‌కేసు సర్దుకునే వెళ్ళాను. ఆయన "ఖౌఫ్ మాఫీ, హయాత్ మాఫీ" అన్నాడు. భయం లేకపోతే బతుకు లేదు. ఇది బయటికెళ్ళి కనబడిన ప్రతి బండి దగ్గరికీ, ప్రతి మనిషి దగ్గరికీ ఇలాగే పోతుంది, అందరూ నీలాంటివాళ్ళే ఉండరు, నెలలోపే చస్తుంది అని వివరించాడు. దీనికి మనిషంటే నమ్మకం నేర్పింది నువ్వు, భయమూ నువ్వే నేర్పాలి, మూడు నెలలు గడువు, నేర్పలేకపోతే అది జన్మంతా దొడ్లోనే, నువ్వు మీ ఊళ్ళో అన్నాడు.

పద్ధతి తేలికే. రోజూ పొద్దున్నే కవరు గరగరలాడించాలి. అబ్బులు రాగానే రేకు డబ్బా దబదబా బాది, అరిచి, తరమాలి. మొదటి రోజు వాడు వచ్చి ఆప్యాయంగా నిలబడ్డాడు. నేను డబ్బా మీద మెల్లిగా తట్టాను. కంచం అనుకుని లోపలికి చూశాడు. "వెళ్ళిపో నాయనా, నా మాట విను" అని అరిచాను. కడప మామ ట్యాంకరు మీద నుంచి, "తిడతాండావా, జోల పాడతాండావా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు తిట్లు నేర్పడం మొదలుపెట్టాడు. (అవి ఇక్కడ రాయలేను. చాలా బాగుంటాయి.) రెండో వారం ధైర్యం చేసి డబ్బాతో వెంటబడితే, వాడికది కొత్త ఆటలా తోచింది. దొడ్డి చుట్టూ నాతో సమానంగా ఒక చుట్టు పరుగెత్తి, ఇప్పుడు నీ వంతు అన్నట్టు తిరిగి కొమ్ములు వంచి నన్ను తరిమాడు. ట్యాంకరు నిచ్చెన ఎక్కి గంటసేపు దిగలేదు. కింద అబ్బులు కాపలా. డాక్టరుగారు అటుగా వచ్చి, ఇద్దరినీ పరికించి, ఇవాళ ఒకరికి భయం వచ్చింది, రావాల్సినవాడికి కాదు అని వెళ్ళిపోయాడు.

గడువు ఇంకో ఇరవై రోజులుందనగా, ఒక పొద్దున్న వాడు అలవాటుగా వచ్చి జేబులో మూతి పెట్టబోయాడు. నేను కళ్ళు మూసుకుని కర్రెత్తి బలంగా కొట్టాను. డబ్బాకి తగలాల్సిన దెబ్బ వాడి మూతికి తగిలింది. వాడు అరవలేదు. ఒక్కడుగు వెనక్కి వేసి నా మొహంలోకి చూశాడు. ఎవరో పొరపాటున కొట్టారు, నువ్వయితే కాదు కదా అన్నట్టుంది ఆ చూపు. నేను మళ్ళీ డబ్బా బాదాను. మామ నేర్పిన తిట్లన్నీ తిట్టాను. వాడు దొడ్డి ఆ చివరికి పరుగెత్తి కంచెకి ఆనుకుని నిలబడ్డాడు. మర్నాడు కవరు చప్పుడు వినగానే దూరంగా పారిపోయాడు. ఆ మర్నాడూ అంతే. డాక్టరుగారు నా భుజం తట్టి తమాం, బాగుంది అన్నాడు. నేను ట్యాంకరు వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడ్చాను. మామ వచ్చి, ఏమీ చూడనట్టు టైర్లలో గాలి సరిచూస్తూ, ఉన్న ఆరు టైర్లనీ మూడేసిసార్లు చూశాడు.

రెండోసారి గుడారం లేదు, అతిథులు లేరు. ముగ్గురమే ఉన్నాం. గేటు తీశాం. అబ్బులు వెనక్కి తిరిగి చూడలేదు. గుట్ట ఎక్కి అవతలికి దిగేదాకా చూశాను. సాయంత్రం ఊరి నుంచి అక్క ఫోను చేసినప్పుడు కూడా ముక్కు చీదుతూనే ఉన్నాను. ఏమైందని అడిగింది.

"అబ్బులు వెళ్ళిపోయాడక్కా."

"ఎవర్రా పాపం, మనూరి వైపు కుర్రాడా? ఒక్కడే వెళ్ళాడా?"

"ఒక్కడే. ఎడారిలోకి. అక్కడ ఎవరూ తెలీదు వాడికి."

అసలు సంగతి చెబుదామనుకునేలోపు అక్క వెక్కుతున్నట్టు వినబడింది. ఇక చెప్పలేకపోయాను. ఆ ఆదివారం నుంచి మా ఊరి చర్చిలో, పరదేశంలో ఒంటరిగా ఉన్న అబ్బులు కోసం ప్రార్థన మొదలైంది.

ఇప్పుడు నేను ఖతార్‌లోనే, మెసయీద్ అనే చోట ఒక కంపెనీ స్టోర్సులో ఉన్నాను. గడ్డి మోపుల బదులు బోల్టులు, నట్లు. వాటితో మాట్లాడకూడదని ఎవరూ నియమం పెట్టలేదు. మామ ఇంకా అక్కడే ఉన్నాడు, అప్పుడప్పుడు చెవి నంబరు చెప్పి అబ్బులు కబురు చేరవేస్తాడు. మొన్న అక్క అడిగితే, మామ చెప్పినట్టే వాడికి తోడు దొరికిందనీ, ఇద్దరు పిల్లలనీ చెప్పాను. మనకి శుభలేఖైనా పంపలేదేంట్రా అని కాస్త నొచ్చుకుంది. మళ్ళీ తనే, "పోన్లే, బాగున్నాడు కదా. మనల్ని తల్చుకుంటాడా ఎప్పుడైనా?" అంది.

ఇదే మాట అప్పటి నన్ను, ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి అడిగుంటే, అవునని ఒట్టు వేసి చెప్పేవాడు. ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొచ్చింది. "నిన్ను అడిగానని చెప్పమన్నాడక్కా" అన్నాను.

అబ్బులు విషయంలో నేను అక్కకి చెప్పిన అబద్ధం అదొక్కటే.