బస్సులో ముందు సీటు

పెళ్లయిన పదకొండేళ్లకు మా ఇంటామె డిగ్రీ చదవడం మొదలుపెట్టింది. దూరవిద్య. నెలకు రెండు ఆదివారాలు పట్నంలో క్లాసులు, మిగతా రోజుల్లో పుస్తకం, పుస్తకం అర్థం కానప్పుడు నేను. నేను పదో తరగతి దాటినవాణ్ణి కాను. అయినా చరిత్ర పాఠం వచ్చిందంటే ఆమె నన్ను వదిలేది కాదు. నేను పనిచేసే దుబాయ్‌లో నెట్ కాల్ కలవదు కాబట్టి వాయిస్ మెసేజ్‌లు పంపుకునేవాళ్లం. ఆమె పొయ్యి దగ్గర మాట్లాడితే నేను అల్ ఖూజ్ కూలీల క్యాంపులో మంచం మీద పడుకొని వినేవాణ్ణి.

రెండువేల ఇరవై ఒకటి వేసవిలో ఒక మెసేజ్ వచ్చింది.

"ఇగో, ఇంటున్నవా? తెల్లదొరల కాలంల అడవిల పశువుల్ని మేపితే పన్నట. పుల్లరి అంటరట. ఒక నాయకుడేమో కట్టొద్దు, పశువుల్ని అడవిలకు తోలుండ్రి, ఏం జేస్తరో సూద్దామన్నడు. ఇంకొకాయన వకీలు. ఇప్పటికైతే కట్టుండ్రి, దరఖాస్తు పెట్టుకుందామన్నడు. ఇద్దరి వాదన విమర్శనాత్మకంగ పరిశీలించుమన్నరు. పరిశీలించుడంటే ఏం రాయాలె?"

నేను ఆలోచించకుండా చెప్పాను. కట్టొద్దన్నవాడు మొనగాడు, వకీలు పిరికోడు, రాసెయ్ అని. ఆమె నవ్వింది. "గది సినిమా. మా సారు ఏమన్నడో తెల్సా? చెప్పెటోని గొంతు సూడొద్దట. ఆ మాట తప్పయితే చెప్పినోనికి ఏం పోతది, ఇన్నోనికి ఏం పోతది, గది సూడుమన్నడు."

అలా చూస్తే పాఠం కథే మారిపోయింది. కట్టొద్దన్న నాయకుడు తన పశువుల్ని ముందే వేరే ఊళ్లో చుట్టాలింటికి పంపేశాడని ఒక మూల చిన్నగా ఉంది. వకీలుకు అసలు పశువులే లేవు. బందెలదొడ్డిలో పడింది మాత్రం వాళ్ల మాట విన్నవాళ్ల ఆవులూ మేకలూ. ఇద్దరం పోటీపడి ఇద్దరు నాయకులనూ చీల్చి చెండాడాం. నాకు చెప్పలేనంత హుషారు వచ్చింది. ఇన్నాళ్లూ నాకు బుర్ర ఉందని ఎవరూ చెప్పలేదు మరి.

ఆ నెలలోనే మా కంపెనీ బస్సులో ఏసీ చెడిపోయింది. ఇనుప షెడ్లు కట్టే పని మాది. సైటుకు పోవడానికి గంట, రావడానికి గంటన్నర. ఏసీ బస్సు కాబట్టి కిటికీలు తెరుచుకోవు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు లోపల ఇటుక బట్టీలో కూర్చున్నట్టు ఉండేది. డ్రైవర్ నెత్తి మీద మాత్రం ఒక చిన్న ఫ్యాను తిరిగేది. ఆ పక్క సీటు నాది. నేను టైం కీపర్‌ని. ఎవరెక్కారు, ఎవరెక్కలేదు అని పట్టీలో గుర్తులు పెట్టడం నా పని, అందుకని ముందు కూర్చునేవాణ్ణి.

ఒక సాయంత్రం మేమంతా కాక అని పిలిచే పెయింటర్ సీట్లోంచి పక్కకు ఒరిగి పడిపోయాడు. నీళ్లు కొట్టినా లేవలేదు. ఆస్పత్రిలో చేర్చారు. ఆయన తమ్ముడు నా సోపతి. ఇద్దరం ఒకే విమానంలో వచ్చాం, నా మంచం కింది మంచం అతనిది. కరోనా రోజులు కాబట్టి ఒక్కరినే లోపలికి పంపేవారు. రోజూ డ్యూటీ అయ్యాక చెమట బట్టలతోనే పోయి అన్న పక్కన అరగంట కూర్చొని వచ్చేవాడు. "నేను పోతెనే అన్న కండ్లు దెరుస్తడు" అనేవాడు.

మూడో రోజు సాయంత్రం మెస్సులో అందరం కూడాం. ముందు గోదావరి జిల్లా వెల్డర్ లేచాడు.

"రేపొద్దున్న ఒక్కడు కూడా బస్సెక్కొద్దు. ఏసీ బాగుచేసేదాకా కిందే కూర్చుందాం. ఏం పీకుతారో చూద్దాం."

మా దిక్కు ఫోర్‌మన్ అడ్డుపడ్డాడు. "ఏ, ఆగుండ్రి. ఇది మన ఊరు గాదు. ముదీర్‌కు కాయితం రాద్దాం. నెల రోజులల్ల జేస్తడు." ముదీర్ అంటే మా కంపెనీ మేనేజరు.

నా నాలుక దురద పెట్టింది. "అన్నా, బుధవారం నీకు టికెట్ ఉన్నది. వీసా క్యాన్సిల్‌కు ఇచ్చినవ్. రేపు నీ పేరు కొట్టేసినా నీకు పోయేదేంది?" అన్నాను వెల్డర్‌తో. అందరూ నవ్వారు. ఫోర్‌మన్ మురిసిపోతుంటే అటు తిరిగాను. "నువ్వు పికప్‌ల ఏసీ ఏస్కొని పోతవ్. ఇంకో నెల ఆగుమంటే నీకేమన్న చెమట పడుతదా?" ఇంకా గట్టిగా నవ్వారు. ఇద్దరు నాయకుల మొహాలూ మాడిపోయాయి. నేను గదికొచ్చి ఈ సంగతంతా మా ఇంటామెకు మెసేజ్ పెట్టాను. నీ పాఠం నాకే పనికొచ్చింది చూడు అని గొప్పలు పోయాను.

సోపతి కింది మంచం మీది నుంచి అడిగాడు. "మంచిగ జెప్పినవ్. మరి పొద్దుగాల ఏం జెయ్యాలె?"

"నీ ఇష్టం. ఎవని మాటా గుడ్డిగ ఇనకు" అన్నాను. నా దగ్గర ఉన్న జవాబు అంతే. ఇద్దరినీ కడిగేశాను గానీ, వాళ్లు ఏదో ఒకటి చేద్దామన్నారు, నేను ఏమీ చేద్దామనలేదు. ఆ రోజు అది నాకు తోచనే లేదు.

పొద్దున ఐదింటికి బస్సు వచ్చింది. ఎనిమిది మంది ఎక్కలేదు. వెల్డర్ గేటు దగ్గర కింద కూర్చున్నాడు, ఆరుగురు అతని పక్కన చేరారు. సోపతి వాళ్ల దగ్గరికి పోకుండా బస్సు తలుపు దగ్గరికి వచ్చాడు.

"నాకు సిక్ రాయి. నాకు వాళ్ల లొల్లి వద్దు, ఈ బస్సూ వద్దు. అన్న కాడికి పోత."

పట్టీలో సిక్ అని రాయడం నా చేతిలో పని. తాగి లేవలేనివాళ్లకు రాశాను, పోరగాడు పుట్టాడని పండగ చేసుకున్నవాడికి రాశాను. ఎవరూ ఎన్నడూ అడగలేదు. తల ఊపాను. అప్పుడే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "కౌన్ నహీ ఆయా? లిస్ట్ భేజో, యల్లా." రానివాళ్ల పేర్లు వెంటనే కావాలట.

నాకు భయమేసింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, భయమే. ఏడుగురు కింద కూర్చున్న రోజు ఎనిమిదోవాడికి సిక్ రాస్తే నిజమా అని తవ్వుతారు, పాత పట్టీలూ తీస్తారు, పట్టీ నా చేతిలోంచి పోతుంది. మళ్లీ వెనక సీట్లోకి, మళ్లీ ఎండలో ఇనుము మోయడానికి. ఎనిమిది పేర్లకూ గైర్హాజరు గుర్తు పెట్టి, ఫొటో తీసి పంపాను. సోపతి అప్పటికే ఆస్పత్రి వైపు నడుస్తున్నాడు. తనకు సిక్ రాసేశాననుకున్నాడు.

మూడు రోజులకు ముదీర్ ఆఫీసుకు పిలిచాడు. వెల్డర్ ఎలాగూ పోయేవాడే. మిగతా ఏడుగురికి వీసా క్యాన్సిల్, వారంలో విమానం. ఖలాస్. సోపతి తనకు సిక్ ఉందని చెప్పాడట. వాళ్లు నేను పంపిన ఫొటో చూపించారట. అదే వారం బస్సులో ఏసీ బాగైంది. చల్లగాలి మొహానికి కొడుతుంటే పట్టీలో ఆ ఎనిమిది గళ్లు దాటి గుర్తులు పెట్టేవాణ్ణి.

గదిలో అతను ఎప్పటిలాగే నా కింది మంచం మీద పడుకొనేవాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. పోయే రోజు సంచి సర్దుకుంటూ, ఇంటికి పోయే ప్రతివాడూ గదిలో అడిగే మాటే నన్నూ అడిగాడు. "ఇంటికేమన్న పంపుతవా?"

వద్దనాల్సింది. అనలేకపోయాను. సబ్బులు, పాలపొడి డబ్బా, నొప్పుల మందు సీసా మూటగట్టి ఇచ్చాను. సీసా పగలకుండా తన అంగీల మధ్య పెట్టుకున్నాడు. తర్వాత అన్నను చూడటానికి పోయి, అక్కణ్నుంచి అటే విమానాశ్రయానికి పోయాడు.

అతను పోయిన తొమ్మిదో రోజు కాక చనిపోయాడు. పక్కన మనవాళ్లెవరూ లేరు. గుర్తుపట్టడానికి కంపెనీవాళ్లు నన్ను తీసుకుపోయారు, రాతపని వచ్చినవాణ్ణి గదా. కాక కళ్లు మూసే ఉన్నాయి.

ఆ తర్వాత మా ఇంటామె మెసేజ్ వచ్చింది.

"నీ సోపతి మూట తెచ్చిచ్చిండు. కూసోమంటే కూసోలే, మంచినీళ్లు సుత తాగలే. మనిషి సగమయిండు. వాళ్లింట్ల కంపెనీకి పేర్లు రాసిచ్చిందెవడని ఏడుస్తున్నరట, ఆయన పేరు జెప్తలేడట. అవునుగని, మన ప్రశ్నల ఒకటి మర్సిపోయినం. పన్ను కట్టనోళ్ల పేర్లు రాసిచ్చినాయన ఒకడున్నడు, కరణం. మన దిక్కు పట్వారి అంటం గదా. నాయకుల గురించి ఇంతింత రాసి ఆయన్ను ఇడిసిపెట్టినం. రాయకుంటే ఆయనకేం పోతుండె?"

మూడుసార్లు విన్నాను. తర్వాత బటన్ నొక్కి, "రాసుకో. ఆయన ముందు సీట్ల కూసుంటుండె. ఆడ ఫ్యాను ఉండె. రాయకుంటే గా సీటు పోతుండె" అన్నాను. అని, జరిగిందంతా చెప్పాను.

మూడో రోజు చిన్న మెసేజ్ వచ్చింది. గొంతు మామూలుగానే ఉంది.

"కాక దినాలు రేపు. నేను పోతున్న. ఎవరు రాసిండ్రని వాళ్లడిగితే ఏం జెప్పాలె?"

ఇప్పటిదాకా దానికి జవాబు పెట్టలేదు. నేను విన్నానని మాత్రం అక్కడ ఆమె ఫోన్లో నీలి గుర్తు కనబడే ఉంటుంది.