ధోళీ పిల్లల కింద పత్తి

కమ్లీ ఎనిమిదేళ్లుగా మానుకోటలోని ఒక ఫార్మసీ కాలేజీలో అటెండరు. ఊడవడం, తుడవడం అందరూ చేసేదే. ఆమె అసలు పని, ప్రయోగాలకు పెంచే తెల్ల ఎలుకలకు పక్క వేయడం. నవ్వకండి, అది మీరనుకున్నంత తేలిక కాదు. వరి ఊకను ఎండబెట్టాలి, జల్లెడ పట్టి దుమ్ము పోగొట్టాలి, నాలుగు వేళ్ల మందాన పరవాలి. తడిసిన మూలను రోజూ తీసేయాలి. నాలుగు రోజులకోసారి మొత్తం మార్చినా పాత ఊక ఒక పిడికెడు ఉంచాలి. లేకపోతే తన వాసన తనకు దొరక్క ఎలుక బెంగపడుతుంది. ఇవన్నీ ఎలుకల గది చూసే విజయ మేడం నేర్పింది. కమ్లీ ఒక్కటీ తప్పేది కాదు.

సకల జనుల సమ్మె మొదలైన సెప్టెంబరులో కాలేజీకి తాళం పడింది. ఎలుకలన్నిటినీ అంతకుముందే వ్యానులో హైదరాబాదుకు పంపేశారు. తోక తెగిన ఆడ ఎలుక ఒక్కటి మాత్రం ఎవరికీ అక్కర్లేక మిగిలింది.

"దీన్నేం చేద్దాం కమ్లీ?" అంది మేడం. ఆ మాటకు అర్థం చంపేయడమేనని కమ్లీకి తెలుసు.

"నేను సాదుకుంట మేడం" అని, జాలీ పెట్టెతో సహా ఆటో ఎక్కి, కురవి దగ్గరి తమ తండాకు తెచ్చుకుంది. ధోళీ అని పేరు పెట్టింది. వాళ్ల భాషలో తెల్లది అని. ఆ ఇంట్లో మాటలన్నీ ఆ భాషలోనే, నేను తెలుగులో చెబుతున్నాను.

అత్త బుచ్చి గడపలోనే అడ్డం నిలబడింది. "గుమ్మిల వడ్లు తినేటియి సాల్తలేవా, ఇంకోదాన్ని ఆటోల తెచ్చినవా? దానికి పక్క గూడనా! మింగ మెతుకు లేదుగని మీసాలకు సంపెంగ నూనెనట."

"మూలకు ఉంటది అత్తా, నీ జోలికి రాదు."

తెచ్చిన ఊక వారంలో అయిపోయింది. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు, రైసుమిల్లు ఆడడం లేదు. ఇక ఊక ఎక్కడిది? పాత పేపర్లు చింపి వేస్తే తెల్లారేసరికి ముద్దయి ఘాటు వాసన. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చి వేస్తే రెండో రోజుకే ధోళీ తుమ్మడం మొదలుపెట్టింది, కళ్ల చుట్టూ ఎర్రటి చెమ్మ కనిపించింది. కమ్లీ అది రక్తమేననుకుంది. పొట్టునంతా పారబోసి మళ్లీ పేపర్లకే వచ్చింది. ఈసారి పూటపూటకూ మార్చింది. భర్త జాల్యా పొద్దస్తమానం రోడ్డు మీద వంటావార్పులో ఉండేవాడు. వచ్చేటప్పుడు చదివేసిన పేపర్లు ఏరుకొచ్చి ఇచ్చేవాడు.

"ఊరంత రాష్ట్రం కోసం పరేషాన్, నీకు ఎలుక పరేషాన్" అనేవాడు. అంటూనే తెచ్చేవాడు, పాపం.

బతుకమ్మలు మొదలయ్యాక ధోళీ కడుపు బయటపడింది. పంపేసే రోజు హడావుడిలో ఆడామగా అన్నిటినీ ఒకే బుట్టలో వేశారు, అప్పుడే జరిగి ఉంటుంది. కమ్లీకి భయం రెట్టింపయింది. ఆశ్చర్యం ఏమిటంటే, బుచ్చి మారిపోయింది. తండాలో సగం మందిని చేతుల్లోకి దింపిన మంత్రసాని ఆమె. కడుపుతో ఉన్నది ఎలుకయినా సరే, ఆమె కళ్లకు కడుపే కనిపిస్తుంది.

"నెలలు నిండినది గరుకు కాయితాల మీద పండుతదా?" అంటూ లోపలికి వెళ్లింది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఏడాదీ చేనులో తొలిసారి ఏరిన పత్తిలోంచి ఒడినిండా తీసి పక్కన పెడతారు. అది అమ్మరు. ఇంట్లో పుట్టబోయే బిడ్డ పరుపుకు దాస్తారు. కమ్లీ కాపురానికి వచ్చి పదేళ్లయింది, పత్తి మాత్రం దూలానికి వేలాడే సంచిలోనే ఉంది. బుచ్చి ఆ సంచిలోంచి రెండు పిడికిళ్లు తీసి, గింజలు ఒలిచి, వేళ్లతో మెత్తగా విప్పి జాలీ పెట్టెలో పరిచింది. కమ్లీకి కళ్లు నిండాయి. మేడంను అడగాలని తోచనే లేదు. ఎనిమిదేళ్లలో కాలేజీలో పత్తి ముచ్చటే రాలేదు మరి.

సద్దుల బతుకమ్మ నాడు ఏడు పిల్లలు పుట్టాయి. ఎర్రగా, వేలి కొసంత. కమ్లీ వాటిని రోజుకు పదిసార్లు లెక్కపెట్టేది.

అయిదో రోజు పొద్దున ఒక పిల్ల ఆగకుండా కీచుమంటోంది. వంగి చూస్తే దాని వెనక కాలు ఉబ్బి, నేరేడు పండులా నల్లబడి ఉంది. కమ్లీ మేడంకు ఫోన్ చేసింది.

"పత్తి వేశావా!" మేడం గొంతు మారిపోయింది. "పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి కమ్లీ. రక్తం ఆగి కాలు కుళ్లుతుంది, పిల్ల చచ్చిపోతుంది. ముందు పోగులు తీసెయ్, మిగతా పిల్లల్నీ చూడు."

వెనక నిలబడిన బుచ్చి అంతా వింది.

"నేను పెట్టిన పత్తే గదా" అంది. గూట్లోంచి బట్టల మీద అద్దాలు కుట్టే సూది, బ్లేడు తెచ్చి, వెలుతురు కోసం గడపలో కూర్చుంది.

"జర ఆగు అత్తా. పాత పక్క చేతులకు రుద్దుకో. మన వాసనొస్తే తల్లి రానియ్యదు."

"పురుళ్లు పోసేదానికి నేర్పుతున్నవా?" అంటూనే రుద్దుకుంది.

కమ్లీ పిల్లను అరచేతిలో పట్టుకుంది. బుచ్చి సూది మొనను చర్మానికీ పోగుకూ మధ్యకు జార్చింది. అరవై ఏళ్లు అద్దాలు కుట్టిన చెయ్యి అది. ఒక పోగు లేచింది, బ్లేడుతో తెంపింది. రెండోది, మూడోది. ఉన్నట్టుండి పిల్ల కీచుమనడం ఆగిపోయింది. అరుస్తున్నప్పటి కంటే కమ్లీకి అప్పుడు ఎక్కువ భయమేసింది. చాలాసేపటికి దాని పొట్ట ఒకసారి కదిలింది.

మిగిలిన ఆరింటికీ ఏ పోగూ చుట్టుకోలేదు. పత్తి తీసేశారు, కానీ కింద ఏం వేయాలి? బుచ్చి పెరట్లో బోర్లించి ఉన్న రోలును ఎత్తి కడిగింది. మిల్లు వచ్చాక మూలపడిన రోకలి దింపి, గుమ్మిలోంచి వడ్లు తీసి దంచింది. చెరిగి ఊక వేరు చేసింది. కమ్లీ దాన్ని ఎండలో పోసి, జల్లెడ పట్టింది.

ఆ తర్వాత రోజూ బుచ్చి ముఖమైనా కడగకుండా అడిగే మాట ఒకటే: "లెక్కపెట్టినవా?"

నాలుగో పొద్దున కమ్లీ లెక్కపెట్టింది. తల్లి పొట్టకింద ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఆరే. తల్లే తినేసిందా? వేలి కొసతో ఊక కదిపింది. ఆ మూల ఊక తనంతట తానే కొంచెం కదులుతోంది. ఎండిపోయిన పాదం ఊడిపోయి, మిగిలిన మోడుతోనే నెట్టుకుంటూ, ఏడోది తల్లివైపు వస్తోంది.

కమ్లీ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

బుచ్చి వంగి ఆ మోడును చూసింది. తర్వాత లేచి చేట అందుకుంది.

"ఏడు ఉన్నయి గదా. గట్లయితే ఇంకో మానెడు వడ్లు దంచాలె."