చివరి పేజీలో మూడు గళ్లు

పిల్లలు ఎలా పెద్దవాళ్లవుతారో చూసి రాసుకురావడం నా ఉద్యోగం. అవే ఇళ్లకు మూడేళ్లకొకసారి వెళ్లాలి. ఎత్తు, బరువు చూడాలి. ఏం తిన్నారో, ఏం చదువుతున్నారో అడగాలి. మదనపల్లె నుంచి కుప్పం దాకా పల్లెల్లో నన్ను ‘కొలతలక్క’ అనేవాళ్లు. ప్రశ్నల పుస్తకంలో మిగతా పేజీలన్నీ గడగడా చదివేసేదాన్ని గానీ, చివరి పేజీ అంటే మాత్రం నాకు భయం. అందులో మూడు గళ్లుంటాయి. ‘నువ్వు ఇక్కడి నుంచి వెళ్లిపోతే, ఎక్కడున్నావో తెలిసే ముగ్గురు ఎవరు?’ అని అడిగి, వాళ్ల పేర్లూ ఫోన్ నెంబర్లూ రాయాలి. వచ్చేసారి మనిషిని వెతుక్కోవడానికి అవి కావాలి.

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ఆ పిల్లవాడిని మొదటిసారి చూసినప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. తల్లీ తండ్రీ లేరు, అవ్వ పెంచుతోంది. ఎత్తు చూడటానికి నిలబెడితే దొంగతనంగా మడమలు లేపేవాడు. నెత్తిన ఒకటి మొట్టి కిందికి దించాను. చివరి పేజీకి వచ్చేసరికి వేళ్లు మడిచి టకటకా చెప్పాడు: అవ్వ, బడిలో అయ్యవారు, పక్కింటి స్నేహితుడు. అక్కడితో ఆగలేదు.

“మా ఆవును గూడా రాసుకోక్కా. నేను యాడుండినా దానికి తెలిసిపోతాది.”

“గళ్లు మూడే ఉన్నాయిరా” అని నవ్వాను. వాడు చాలాసేపు అలిగాడు.

రెండోసారి వెళ్లేసరికి ఆవును అమ్మేశారు. అయ్యవారికి బదిలీ అయింది. రెండు గళ్లే నిండాయి. పిల్లవాడు మాత్రం జానెడు ఎత్తు పెరిగానని తెగ మురిసిపోయాడు, నేనూ మురిసిపోయాను.

మూడోసారి వాడు మదనపల్లె టమోటా మార్కెట్లో దొరికాడు. పద్నాలుగేళ్లు. బడి మానేసి క్రేట్లు మోస్తున్నాడు. అవ్వ ఒక అద్దె గదిలో మంచం పట్టి ఉంది. స్నేహితుడి పేరు రాయబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

“వాడు హాస్టల్లో చేరినాడక్కా. ఎదురుపడినా పలకడు. యాల రాసేది?”

అవ్వ ఒక్కతే మిగిలింది. రెండు గళ్లు ఖాళీగా వదిలేశాను. ఆఫీసుకొచ్చి మా పెద్దాయనకు చెప్పాను, ఈ పిల్లవాడికి ఏదైనా చేద్దామని. “మనం చూడటానికి వెళ్తున్నామమ్మా, దిద్దడానికి కాదు. మధ్యలో ఫోన్లు కూడా చేయొద్దు, అధ్యయనం చెడిపోతుంది” అన్నాడు. నేను నోరున్న మనిషినే. ఆ రోజు మాత్రం సరేనని తల ఊపి వచ్చేశాను. ఇప్పటికీ నా మీద నాకు కోపం.

నాలుగోసారి కుప్పంలో, రాళ్లు పాలిష్ చేసే షెడ్డులో కలిశాడు. పదిహేడేళ్లకే తల నెరిసినట్టు జుట్టు నిండా రాతిపొడి. మాట మాటకూ పొడిదగ్గు. ఈసారి మడమలు లేపలేదు. బరువు పోయినసారికంటే తక్కువ చూపించింది. మిషన్ చెడిపోయిందేమోనని నేనెక్కి చూసుకున్నాను. నా బరువు మాత్రం సిగ్గుపడేంత సరిగ్గా చూపించింది. వాడు పగలబడి నవ్వి, ఆ నవ్వులోంచి దగ్గులో పడ్డాడు. ఆసుపత్రికి వెళ్లమన్నాను. తల ఊపాడు. చెప్పడం వరకే నా పని అన్నట్టు నేను, కాగితాల బదులు కొత్తగా ఇచ్చిన ట్యాబ్‌లో చివరి పేజీ తీశాను.

అవ్వ చనిపోయిందట. గళ్లు మూడూ ఖాళీ. కనీసం ఒకటైనా నింపకపోతే ట్యాబ్ ముందుకు కదలదు.

“నీ నెంబరే ఏసుకోక్కా” అన్నాడు. “మూడేండ్లకొక తూరైనా నువ్వు వస్తాండావు గదా. నాకెవురుండారు?”

అది నియమాలకు విరుద్ధం. అయినా నా పేరూ నెంబరూ కొట్టాను. వాడు కూడా తన ఫోనులో ఎక్కించుకున్నాడు. నిజం చెప్పాలంటే గర్వంగానే అనిపించింది. ఆ మరుసటి ఏడు ఆఫీసువాళ్లు కొత్త సిమ్ ఇచ్చారు. రెండెందుకని పాతదానికి రీచార్జి మానేశాను.

ఈ ఏడు మళ్లీ కుప్పం వెళ్లాను. వాడికిప్పుడు ఇరవై ఏళ్లు. షెడ్డులో మేస్త్రీ రాతి మీద నీళ్లు కొడుతూ, తల తిప్పకుండానే చెప్పాడు. “వాడా? దగ్గు ఎక్కువై పోయినాడమ్మా. ఏడాది దాటింది. యాడికో ఎవురికీ తెలీదు.”

నా దగ్గరున్న వాడి నెంబరు పనిచేయలేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, చివరి పేజీలో నెంబరుంటుంది కదా, దానికి చేయమన్నారు. షెడ్డు బయట నిలబడి ట్యాబ్ తెరిచాను. గడిలో నా పేరు, నా పాత నెంబరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ నెంబరుకే చేశాను. ఎవరో పెద్దామె ఎత్తింది, వాల్మీకిపురం దగ్గర పల్లె అంది.

“ఈ నెంబరు ముందు నాదమ్మా” అన్నాను.

“కొలతలక్కవి నువ్వేనా తల్లీ?” అంది వెంటనే.

నేనేనన్నాను. ఆమె చెప్పుకుపోయింది. “ఒక పిలగోడు శానా తూర్లు చేసినాడు. కొలతలక్క ఉండాదా అంటాడు, దగ్గుతాడు. ఆ అక్క ఈడ లేదు నాయనా, ఈ నెంబరు ఇప్పుడు మాదీ అని చెప్తే నమ్మడే! కడాకు, సరేలేవ్వా, మూడేండ్ల తూరి వస్తే ఆమే వస్తాది అని పెట్టేసినాడు. మళ్లా చేయలా.”

వాడు ఏ నెంబరు నుంచి చేశాడో ఉందా అని అడిగాను. పాత ఫోను పగిలిపోయిందట.

వాడన్న తూరి వచ్చింది. చెప్పినట్టే నేనూ వచ్చాను. వాడెక్కడున్నాడో తెలిసిన మనిషి ఎవరని ట్యాబ్‌ను అడిగితే మాత్రం, నా పేరే చూపిస్తోంది.