ఎముకలకు కబురు చెప్పిన ఇలియాస్

జమ్మలమడుగులో గోరీలు తవ్వే ఇలియాస్‌కు అరవై రెండేళ్లు. నలభై ఏళ్లుగా అదే పని. చచ్చినవాళ్లంటే ఆయనకు భయం లేదు. పెద్దముడియం పొలంలో ఆ మధ్యాహ్నం వరకూ లేదు.

అక్కడ నారాయణ అనే రైతు నీటిగుంత కోసం జేసీబీ పెట్టిస్తే నిలువులోతున ఎముకలు బయటపడ్డాయి. పుర్రెలు, పక్కటెముకలు, వాటి మధ్య తుప్పుపట్టిన కత్తి ముక్కలు. ఆనాటి నుంచి మిట్టమధ్యాహ్నం గుంతలో ఇనుముతో ఇనుమును గీకినట్టు చప్పుడు. బర్రెలు ఆ గట్టు దాటడం మానేశాయి. వందల ఏళ్ల కిందట గండికోట మీదికి జిహాదంటూ వచ్చినవాళ్ల ఎముకలివి, పెన్నలో పారేయమన్నారు ఊళ్లో కొందరు. కాదు, కోటను కాచి చచ్చిన మనవాళ్లవి, గుడి కట్టాలన్నారు ఇంకొందరు. మాటా మాటా పెరిగింది. నారాయణ ఇలియాస్‌ను పిలిపించాడు.

"మీవోళ్లవి ఏవో ఏరుకోని పో మామా. మిగతావి మేం జూసుకుంటాం."

ఇలియాస్ గుంతలోకి దిగాడు. పైన ఎండ మండిపోతోంది, లోపల చలి. ఒక పుర్రెను చేతిలోకి తీసుకున్నాడు. జ్ఞానదంతాలు ఇంకా రాలేదు, ఇరవై కూడా నిండని పిల్లవాడు. పక్కదానికీ అంతే. ఎవరు ఎవరో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. వెనక ఎవరో ఊపిరి తీస్తున్నట్టనిపించి తిరిగి చూశాడు. మట్టిగోడ.

గట్టు మీద రిటైరైన సోషల్ టీచర్ సాల్మన్ రాజు నిలబడి ఉన్నాడు.

"సారూ, ఆ కొట్లాట యెట్ల ముగిసింది?"

"కోట అప్పజెప్పినారు. రాజీ పడినారు. రెండు సైన్యాల్లోనూ రెండు మతాలోళ్లూ ఉన్యారంటారు. దేవుని పేరు జెప్పి మొదలుపెట్టినవి శానా అట్లే ముగిసినాయి ఇలియాసూ. ఖజానా ఖాళీ అయ్యో, మనుషులు అలిసిపోయో. మిగిలినోళ్లు ఈడ్నే సేద్యం జేసుకున్యారు."

"మరి వీళ్లకెవరు జెప్పినారు సార్, అయిపోయిందని?"

అప్పుడే ఆ చప్పుడు మొదలైంది, ఇలియాస్ కాళ్ల కింద నుంచే. పైకి ఎక్కేద్దామని గట్టు అంచు పట్టుకుని, మళ్లీ వదిలేశాడు. మట్టిలో కూర్చుని, చంటిపిల్లలను జోకొట్టే గొంతుతో అన్నాడు:

"అయిపోయింది నాయనా. ఎప్పుడో అయిపోయింది. ఇంక పండుకోండి."

చప్పుడు ఆగింది. గట్టు మీద చేరిన ఊరివాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

నారాయణ నీటిగుంతను ఇంకో మూలకు మార్చుకుని, ఎముకలన్నీ అక్కడే ఒకే గోతిలో పూడ్పించాడు. ఇలియాస్ దువా చదివాడు, నారాయణ టెంకాయ కొట్టాడు. గుడి అన్నవాళ్లూ పెన్న అన్నవాళ్లూ గొణుక్కుంటూనే వెళ్లిపోయారు.

ఇలియాస్‌కు మూడు రోజులు జ్వరం. గంజి తాపిస్తూ భార్య ఖమర్‌బీ అడిగింది:

"ఏం జూసినావు ఆడ?"

"జూడలేదు, ఇన్యా. పండుకోండి అన్యాక ఒక పిల్లోని గొంతు అడిగింది, ఎవరు గెలిచినారని."

"ఏం జెప్పినావు?"

"ఏం జెప్పాల? ఊరికే మన్ను కప్పినా."